అమెరికా అధ్యక్ష పోటీ: తొలి ఏడాదిలో అభ్యర్థిని తూచే పద్ధతి

2028 నవంబర్ 7న అమెరికాలో అధ్యక్ష ఎన్నిక. 22వ రాజ్యాంగ సవరణ వల్ల ట్రంప్ మళ్లీ ఎన్నిక కావడానికి వీల్లేదు. అందుకే ఈసారి రెండు పార్టీల్లోనూ చాలా పేర్లు వినిపిస్తాయి. ఒక సర్వేలో ఫలానా గవర్నర్ ముందు, ఇంకో సర్వేలో ఫలానా సెనెటర్ ముందు అని వార్తలు వస్తాయి, ఆ వరుస చూసి ఎవరు గెలుస్తారో తేల్చేయడం మన వాట్సాప్ గ్రూపుల్లోనూ మామూలే. నా ఉద్దేశంలో ఈ దశలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: డెలిగేట్లు, అంటే పార్టీ అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు, చేతికొచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల దాకా ఎవరు నిలబడగలరు? మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

2007లో దాదాపు ఏడాది పొడవునా దేశవ్యాప్త సర్వేల్లో రిపబ్లికన్లలో రూడీ జూలియానీ, డెమోక్రాట్లలో హిల్లరీ క్లింటన్ ముందున్నారు. అదే ఏడాది జులై నాటికి జాన్ మెకెయిన్ ప్రచారంలో డబ్బు అడుగంటింది. సిబ్బందిని పెద్ద సంఖ్యలో తీసేశారు, ప్రచార మేనేజరు కూడా వెళ్లిపోయారు. ఖర్చు తగ్గించుకుని న్యూ హాంప్‌షైర్ మీదే దృష్టి పెట్టిన మెకెయిన్ 2008 జనవరి 8న అక్కడ గెలిచి, చివరికి పార్టీ అభ్యర్థి అయ్యారు. ఫ్లోరిడా మీదే ఆశ పెట్టుకున్న జూలియానీ జనవరి 29న అక్కడ మూడో స్థానంలో ఆగి, మర్నాడే పోటీ నుంచి తప్పుకున్నారు. అటు క్లింటన్‌ను, అన్నిటికన్నా ముందు ఓటింగ్ జరిగిన అయోవాలో ఒబామా ఓడించారు.

ఆరంభశూరత్వానికి ఇంకా దగ్గరి ఉదాహరణలున్నాయి. బెటో ఓరూర్క్ 2019 మార్చి 14న బరిలోకి దిగి, మొదటి 24 గంటల్లోనే 61 లక్షల డాలర్లు పోగేశారు. నవంబర్ 1కి పోటీలో లేరు. 2015లో కొన్ని నెలలపాటు అయోవా సర్వేల్లో మొదటి స్థానంలో ఉన్న స్కాట్ వాకర్, అధికారికంగా అభ్యర్థిత్వం ప్రకటించిన 70 రోజులకే వైదొలిగారు.

సర్వే చేతికొస్తే పెద్ద అంకెకన్నా ముందు దాని కింది చిన్న అక్షరాలు చదవాలి. 1,000 మందిని అడిగామని రాసి ఉన్నా, అందులో ఆ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, ఓటు వేసేవాళ్లు 400 మందే కావచ్చు. వెయ్యి మంది సర్వేలో అంకె అటూ ఇటూ 3 పాయింట్లు కదలొచ్చు, 400 మందిలో అయితే దాదాపు 5. ఇదంతా ఒక్కరి అంకె గురించి. ఇద్దరి మధ్య తేడాకు ఈ హద్దు ఇంకా పెరుగుతుంది. 400 మందిలో ఒకరికి 20 శాతం, ఇంకొకరికి 16 శాతం వచ్చాయనుకోండి. ఆ 4 పాయింట్ల తేడా అటూ ఇటూ దాదాపు 6 పాయింట్లు కదలగలదు. అంటే నిజానికి రెండో వ్యక్తే ముందుండవచ్చు కూడా. ఒకే సంస్థ ఒకే ప్రశ్నను నెలనెలా అడిగితే వచ్చే మార్పుకు విలువ ఇవ్వండి. వేర్వేరు సంస్థల అంకెలను పక్కపక్కన పెట్టి "పుంజుకున్నారు", "పడిపోయారు" అని రాసే వార్తలను పట్టించుకోవద్దు.

మద్దతు శాతంకన్నా నేను ముందు చూసేది ఇంకొకటి ఉంది. సొంత పార్టీ ఓటర్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు, తెలిసినవాళ్లలో ఎంతమంది ఇష్టపడుతున్నారు అన్నది. ఊహకు ఇద్దరిని తీసుకుందాం. మొదటి వ్యక్తికి 25 శాతం మద్దతు ఉంది. నూటికి 95 మందికి పేరు తెలుసు, వాళ్లలో 60 మందికి సదభిప్రాయం, 35 మందికి వ్యతిరేకత. రెండో వ్యక్తికి మద్దతు 6 శాతమే. పేరు తెలిసింది నూటికి 40 మందికి, వాళ్లలో 30 మందికి సదభిప్రాయం, 10 మందికి వ్యతిరేకత. తెలిసినవాళ్లలో ఇష్టపడేవాళ్లు మొదటి వ్యక్తికి 63 శాతం, రెండో వ్యక్తికి 75 శాతం. మొదటి వ్యక్తికి కొత్తగా పరిచయం కావడానికి జనం మిగల్లేదు, రెండో వ్యక్తికి ఇంకా 60 శాతం మంది మిగిలి ఉన్నారు. "మీ రెండో ఎంపిక ఎవరు?", "ఎవరికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఓటు వేయరు?" అన్న ప్రశ్నలు సర్వేలో ఉంటే అవి ఇంకా విలువైనవి. పోటీదారులు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే ఆ ఓట్లు ఎటు మళ్లుతాయో వాటిలోనే కనిపిస్తుంది.

రెండు పార్టీల అభ్యర్థులను ముఖాముఖి నిలిపి ఏడాదిన్నర ముందే చేసే సర్వేలను మాత్రం పూర్తిగా వదిలేయొచ్చు. గ్యాలప్ సర్వే సంస్థ లెక్కల్లో అధ్యక్షుడు రీగన్ పనితీరుకు ఆమోదం 1983 జనవరిలో 35 శాతం. మరుసటి ఏడాది ఆయన 49 రాష్ట్రాలు గెలిచారు. 1991 మార్చిలో పెద్ద బుష్‌కు 89 శాతం ఆమోదం ఉండేది. 1992లో ఆయన ఓడిపోయారు.

ఇక డబ్బు. ఇక్కడ ఊహలతో పని లేదు, చట్టమే లెక్క చూపిస్తుంది. పోటీ కోసం 5,000 డాలర్లకు మించి వసూలు చేసినా, ఖర్చు చేసినా ఆ వ్యక్తి అభ్యర్థి అయినట్టే. 15 రోజుల్లో కేంద్ర ఎన్నికల సంఘానికి, అంటే ఎఫ్‌ఈసీకి, పత్రం ఇవ్వాలి. "ఆలోచిస్తున్నాను" అంటూ రాష్ట్రాలు తిరిగే దశకు కొంత వెసులుబాటు ఉంది, కానీ అభ్యర్థిగా మారాక ఆ ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది. ఎన్నికకు ముందు ఏడాదిలో మూడు నెలలకోసారి లెక్కలు ఇచ్చేవాళ్ల నివేదికలు ఏప్రిల్ 15, జులై 15, అక్టోబర్ 15, ఆ తర్వాత జనవరి 31న వస్తాయి. ఎఫ్‌ఈసీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. పేరు ఫారం 3పీ.

అందులో ముందు చూడాల్సింది సారాంశం పేజీయే. 10వ వరుసలో చేతిలో మిగిలిన నగదు, 12వ వరుసలో తీర్చాల్సిన అప్పు ఉంటాయి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. తర్వాత ఆ మూడు నెలల ఖర్చును వసూళ్లతో భాగించండి. వంద వచ్చి వందకు పైగా ఖర్చవుతుంటే, అదీ ఇంకా టీవీ ప్రకటనలే మొదలుకాకముందు, ఆ ప్రచారం జీతాల బరువు కింద ఉందని అర్థం. మూడో లెక్క: 200 డాలర్లలోపు ఇచ్చినవాళ్ల వాటా ఎంత, గరిష్ఠ పరిమితి దాకా ఇచ్చేసినవాళ్ల వాటా ఎంత. 2024 ఎన్నికలకు ఆ పరిమితి ప్రైమరీకి 3,300, నవంబర్ ఎన్నికకు మరో 3,300 డాలర్లు. చిన్న మొత్తం ఇచ్చినవాళ్లను వచ్చే నెల మళ్లీ అడగొచ్చు. పరిమితి చేరినవాళ్లు మళ్లీ ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఒకే వ్యక్తి 6,600 డాలర్లు ఇస్తే మొత్తం విరాళాల్లో అంతా కలుస్తుంది, కానీ రెండో సగాన్ని ప్రైమరీలో ఖర్చు పెట్టకూడదు. 2023 మేలో దిగిన రాన్ డిశాంటిస్ జూన్ చివరికల్లా దాదాపు 2 కోట్ల డాలర్లు తెచ్చారు. అంకె పెద్దదే. నివేదిక తెరిస్తే చేతిలో మిగిలింది దాదాపు 1.2 కోట్లు, అందులో సుమారు 30 లక్షలు నవంబర్‌కు మాత్రమే పనికొచ్చే సొమ్ము. వచ్చిన డబ్బులో పెద్ద భాగం అప్పటికే పరిమితి చేరినవాళ్లు ఇచ్చిందే. ఆ జులైలోనే మూడో వంతుకు పైగా సిబ్బందిని తీసేయాల్సి వచ్చింది. అయోవాలో ఓటింగ్ జరిగింది 2024 జనవరి 15న. ఆ వేసవి నివేదిక చదివినవాళ్లకు జబ్బు ఆరు నెలల ముందే తెలిసిపోయింది.

సూపర్ ప్యాక్, అంటే అభ్యర్థి ప్రచార కమిటీతో సంబంధం లేకుండా బయటి నుంచి ఖర్చు పెట్టే బృందం. దాని సొమ్మును వేరే గీత కింద రాసుకోండి. దానికి విరాళ పరిమితి లేదు, కానీ ప్రచార కమిటీ సిబ్బంది జీతాలు, కార్యాలయ అద్దె, బ్యాలట్‌లో పేరు ఎక్కించే రుసుములు అది కట్టలేదు. ప్రకటనల విషయంలో కూడా అభ్యర్థిదే పైచేయి: ప్రైమరీకి ముందు 45 రోజులు అభ్యర్థికి టీవీ చానళ్లు అతి తక్కువ ధర ఇవ్వాలి, సూపర్ ప్యాక్‌కు ఆ హక్కు లేదు. ఒకే 30 సెకన్ల ప్రకటనకు అది ఎక్కువ చెల్లిస్తుంది. జెబ్ బుష్‌ను సమర్థించిన సూపర్ ప్యాక్ 2015 మొదటి సగంలోనే 10 కోట్ల డాలర్లకు పైగా పోగేసింది. అయోవాలో ఆయనకు వచ్చినవి 3 శాతంలోపు ఓట్లు. వాకర్ విషయంలో జరిగింది ఇంకా సూటిగా అర్థమవుతుంది: ఆయన పక్షాన ఉన్న సూపర్ ప్యాక్ దగ్గర డబ్బుంది, జీతాలు ఇవ్వాల్సిన ప్రచార కమిటీ దగ్గర లేదు.

చిన్న విరాళాల సంఖ్యను కూడా గుడ్డిగా నమ్మకూడదు. 2023 ఆగస్టులో రిపబ్లికన్ల మొదటి చర్చా వేదిక ఎక్కాలంటే కనీసం 40,000 మంది దాతలు ఉండాలన్నారు, అందులో 20 రాష్ట్రాల నుంచి 200 మంది చొప్పున. ఆ సంఖ్య కోసం డగ్ బర్గమ్ ప్రచారం ఒక్క డాలర్ ఇచ్చినవాళ్లకు 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చింది. వేదిక దక్కింది. దాతల సంఖ్య మాత్రం మద్దతుకు కొలత కాకుండా పోయింది.

ఇప్పుడు దారి, అంటే డెలిగేట్ల లెక్క. ఇది తెలియకపోతే మిగతావన్నీ గాల్లో లెక్కలే. డెమోక్రాట్ల నిబంధనలో రాష్ట్రం మొత్తంలో గానీ, ఒక కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గంలో గానీ 15 శాతం దాటితేనే అక్కడ డెలిగేట్లు వస్తాయి, దాటినవాళ్లకు ఓట్ల నిష్పత్తిలో పంచుతారు. పది రాష్ట్రాల్లో 14 శాతం చొప్పున తెచ్చుకుంటే దాదాపు ఏమీ మిగలదు. నాలుగు రాష్ట్రాల్లో 30 తెచ్చుకుని మిగతాచోట్ల 5 దగ్గర ఆగినవాళ్లే మెరుగు. నియోజకవర్గానికి ఎన్ని డెలిగేట్లన్నది కూడా చూడాలి. నాలుగు ఉన్నచోట ఇద్దరి మధ్య పోటీ అయితే 60-40తో గెలిచినా చెరి రెండే. మూడోది దక్కాలంటే 62.5 శాతం దాటాలి. ఐదు ఉన్నచోట ఒక్క ఓటు ఆధిక్యమున్నా 3-2. 2008 ఫిబ్రవరి 5న క్లింటన్ న్యూజెర్సీని 59-48తో గెలిచి 11 డెలిగేట్ల ఆధిక్యం తెచ్చుకున్నారు. అదే రోజు చిన్న రాష్ట్రం ఐడహోలో ఒబామా 15-3తో 12 ఆధిక్యం తెచ్చుకున్నారు. టీవీల్లో ఐడహో పేరు వినిపించింది తక్కువ. ఒబామా ప్రచారం మాత్రం ఆ లెక్క ముందే వేసుకుని అక్కడ మనుషులను పెట్టింది.

రిపబ్లికన్ల లెక్క దీనికి భిన్నం. రాష్ట్ర పార్టీలకు స్వేచ్ఛ ఎక్కువ, కాబట్టి మొదటి స్థానానికి అక్కడ విలువ చాలా ఎక్కువ. 2016లో సౌత్ కరోలినాలో ట్రంప్‌కు 32.5 శాతం ఓట్లు వచ్చాయి, మొత్తం 50 డెలిగేట్లూ ఆయనకే వెళ్లాయి. ఫ్లోరిడాలో 46 శాతంలోపు ఓట్లతో 99కి 99. ఎదుటివాళ్లు ముగ్గురు నలుగురుగా చీలి ఉంటే మూడో వంతు ఓట్లతోనే పోటీ ముగిసిపోతుంది. కాలిఫోర్నియా పార్టీ 2024కు సగం దాటినవాళ్లకే 169 మొత్తం అని నిబంధన మార్చింది. కాబట్టి ఏ అభ్యర్థిని తూచేటప్పుడైనా, ఎన్నిక ముందు ఏడాది శరదృతువు నాటికి ఖరారయ్యే రాష్ట్ర నిబంధనలను పక్కన పెట్టుకోవాలి. తేదీలు కూడా మారతాయి. 2024కు డెమోక్రాట్ల జాతీయ కమిటీ సౌత్ కరోలినాను ముందుకు తెచ్చింది, న్యూ హాంప్‌షైర్ వినకుండా జనవరి 23నే తన ప్రైమరీ జరుపుకుంది. పాత క్యాలెండర్ గుర్తుంది కదా అని దానితోనే లెక్క వేస్తే తప్పుతుంది.

పార్టీ పెద్దల మద్దతు ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో ముందే చెప్పడం కష్టం. 2020లో బైడెన్ అయోవాలో నాలుగు, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఫిబ్రవరి 26న సౌత్ కరోలినా కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించారు, 29న సౌత్ కరోలినాలో బైడెన్ దాదాపు సగం ఓట్లు గెలిచారు. రెండు రోజుల్లో పోటీదారులు బుటిజెజ్, క్లోబుచర్ తప్పుకున్నారు. అలాగని మద్దతు ప్రకటనలను లెక్కపెట్టి సరిపెట్టుకోలేం, ఎందుకంటే 2016లో ట్రంప్‌కు అయోవా నాటికి పదవిలో ఉన్న ఒక్క గవర్నర్ గానీ, కాంగ్రెస్ సభ్యుడు గానీ అండగా లేరు. నేను చూసేది మద్దతు ఇచ్చినవాళ్ల రాష్ట్రం, వాళ్ల వెనకున్న ఓటర్లు. సౌత్ కరోలినా నల్లజాతి ఓటర్లలో క్లైబర్న్‌కున్న పట్టు వల్లే ఆ ఒక్క మద్దతు అంత బరువు తూగింది.

గెలవగలరా అన్నది ఒక తూకం. గెలిస్తే ఏం చేయగలరన్నది ఇంకో తూకం, రెంటినీ ఒకే పళ్లెంలో వేయకూడదు. హామీ వినగానే అది అధ్యక్షుడి సంతకంతో అయ్యేదా, కాంగ్రెస్ ఓటు కావాల్సిందా అని విడదీయండి. మనవాళ్లకు బాగా తెలిసిన ఇమిగ్రేషన్‌నే తీసుకుంటే, ఉద్యోగ కోటా గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది చట్టం. హెచ్‌-1బీ ఏడాదికి 65,000, అమెరికాలో పైచదువు చదివినవాళ్లకు మరో 20,000 అన్నదీ చట్టమే. ఏ అధ్యక్షుడూ ఒంటరిగా వాటిని ఎత్తేయలేడు. హెచ్‌-4 వీసాపై ఉన్న కొందరు హెచ్‌-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల పని అనుమతి 2015లో వచ్చిన నిబంధన, దాన్ని పరిపాలనా విభాగమే మార్చగలదు. కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము 2025 సెప్టెంబర్‌లో అధ్యక్షుడి ప్రకటనతోనే వచ్చింది, కోర్టుల్లో సవాళ్లూ ఎదుర్కొంది. ఇక 7 శాతం పరిమితి తీసేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబర్‌లో సెనెట్ తన రూపంలో ఆమోదించింది. రెండు రూపాలూ కలవక బిల్లు అక్కడితో పోయింది. అంత మెజారిటీ ఉన్నదే ఆగిపోయిందంటే, "మొదటి రోజే గ్రీన్‌కార్డు బ్యాక్‌లాగ్ తీసేస్తాను" అనే అభ్యర్థి మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించండి. ఆ అభ్యర్థి సెనెటర్ అయితే ఇలాంటి బిల్లులపై ఎటు ఓటు వేశారో కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. గవర్నర్ అయితే రాష్ట్ర బడ్జెట్‌లో దేనికి కోత పెట్టారో, ఏ బిల్లును వీటో చేశారో చూడండి.

పేరు, మూలాలు చూసి మనసు మొగ్గడం సహజం. ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జె.డి. వాన్స్ భార్య ఉష కుటుంబ మూలాలు గోదావరి సీమలోని వడ్లూరులో ఉన్నాయని తెలిసి 2024లో తెలుగువాళ్లు ఎంత సంతోషించారో అందరికీ తెలుసు. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. ఏ విధానం ఎవరి జీవితాన్ని ఎలా తాకుతుందన్నది మాత్రం బంధుత్వం చెప్పదు. 2024 రిపబ్లికన్ పోటీలో దిగిన వివేక్ రామస్వామి 2023లో హెచ్‌-1బీ లాటరీ పద్ధతిని తీసేయాలన్నారు. మనలాంటి పేరున్న అభ్యర్థి ఏ వైపు ఉంటారో మాటలు విని, ఓట్లు చూసి తెలుసుకోవాలి.

విరాళం ఇవ్వాలనుకునేవాళ్లకు కొన్ని కచ్చితమైన హద్దులున్నాయి. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు. జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా ఫోన్లు చేయడానికి, ఇంటింటికీ తిరగడానికి వాళ్లకూ అడ్డు లేదు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరుతో ఇవ్వడం నేరం. సొంతంగా కన్సల్టెన్సీ కార్పొరేషన్ నడుపుతున్నవాళ్లు కంపెనీ ఖాతా నుంచి అభ్యర్థికి ఇవ్వకూడదు, సొంత ఖాతా నుంచే ఇవ్వాలి.

ఓటు ఉన్నవాళ్లు తమ రాష్ట్రం తేదీలు ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. టెక్సస్‌లో పార్టీ నమోదు లేదు, ఏ ప్రైమరీలో ఓటు వేయాలో ఆ రోజే తేల్చుకోవచ్చు. పైగా గత కొన్ని ఎన్నికల్లో అక్కడి ప్రైమరీ సూపర్ ట్యూస్‌డేనే, అంటే చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటు వేసే మంగళవారమే. కాబట్టి డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్ల ఓటు పోటీ నడుస్తుండగానే పడుతుంది. న్యూజెర్సీ ప్రైమరీ 2024లో జూన్‌లో జరిగింది. అప్పటికి ఫలితం తేలిపోయి ఉంటుంది కాబట్టి ఎడిసన్‌లో ఉన్నవాళ్ల ప్రభావం ఓటుకన్నా ముందుగా ఇచ్చే విరాళంలో, చేసే శ్రమలో ఉంటుంది. అక్కడ ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారాలంటే ప్రైమరీకి 55 రోజుల ముందే మారాలి. న్యూయార్క్‌లో 2016 ప్రైమరీకి పార్టీ మార్పు గడువు 2015 అక్టోబర్‌తోనే ముగిసింది. ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ ఆ గడువు దాటిపోయి తండ్రికే ఓటు వేయలేకపోయారు.

చివరి జల్లెడ ముందు ఏడాది నవంబర్, డిసెంబర్‌లలో వస్తుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. రాష్ట్రాల్లో బ్యాలట్ మీద పేరు ఎక్కించుకునే గడువులు అప్పుడే మొదలవుతాయి. 2012 ప్రైమరీకి వర్జీనియా 10,000 మంది ఓటర్ల సంతకాలు అడిగింది, 11 కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఒక్కోదాని నుంచి కనీసం 400. సంతకం చేసినవాళ్లలో నమోదు లేనివాళ్లు, చిరునామా తప్పు రాసినవాళ్లు తీసేయగా మిగలాలి కాబట్టి, అనుభవమున్న ప్రచారాలు ఎప్పుడూ కావాల్సినదానికన్నా చాలా ఎక్కువ సేకరిస్తాయి. ఆ డిసెంబర్‌లో దేశవ్యాప్త సర్వేల్లో ముందున్న న్యూట్ గింగ్రిచ్ ఆ షరతు దాటలేకపోయారు, రిక్ పెర్రీ కూడా. బ్యాలట్ మీద రామ్నీ, రాన్ పాల్ ఇద్దరే మిగిలారు. పేరు చేత్తో రాసి ఓటు వేయడానికి వర్జీనియా ప్రైమరీలో వీల్లేదు. గింగ్రిచ్ అప్పటికి వర్జీనియాలోనే కాపురముంటున్నారు.